ట్రంకు పెట్టెలో ‘జపాన్ రూపాయి’ దొరికితే

కోరంగి, తాళ్ళరేవు, యానాం, కాకినాడ చుట్టుపక్కల పాత మండువా ఇళ్ళు విప్పినప్పుడు అటక మీది ట్రంకు పెట్టెల్లోంచి ఒకోసారి వింత నోటు బయటపడుతుంది. రూపాయలే, కానీ మన రూపాయి కాదు. గాంధీ ఉండడు, జార్జి రాజూ ఉండడు. కుడివైపు ఓ గుడి బొమ్మ, పైన ఇంగ్లీషులో ‘ద జపనీస్ గవర్నమెంట్’, అడుగున అర్థంకాని అక్షరాల వరస. ‘తాతగారు రంగం నుంచి తెచ్చింది’ అంటారు ఇంట్లోవాళ్ళు. రంగం అంటే బర్మాలోని రంగూన్. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మాను ఆక్రమించిన జపాను సైన్యం అక్కడ చెలామణీ చేసిన కాగితపు డబ్బు అది. దాన్ని పెట్టెలోంచి ఎలా తీయాలి, ఏం చూడాలి, ఇంటి కథతో ఎలా సరిపోల్చాలి, మన డెల్టా తేమలో ఎలా దాచాలి అన్నవి ఇక్కడ చెబుతున్నాం.

తీసేటప్పుడు

చేతులు సబ్బుతో కడుక్కుని పూర్తిగా ఆరనివ్వండి. కొబ్బరినూనె, గంధం, పసుపు ఏవీ వేళ్ళకు ఉండకూడదు. నూలు గ్లవుజులు వద్దు. చిరుగు అంచులకు దారాలు తగులుకుని చిరుగు పెద్దదవుతుంది. స్టాంపులు పట్టుకునే వెడల్పు మూతి పట్టకారు ఉంటే మంచిది, లేకపోతే అరచేతంత అట్టముక్క నోటు కిందికి దూర్చి ఎత్తండి. బల్ల మీద అచ్చులేని తెల్లకాగితం పరిచి దానిమీద పెట్టండి. న్యూస్‌పేపరు మీద పెడితే సిరా అంటుతుంది.

మడతపడి పెళుసుగా ఉన్న నోటును వెంటనే విప్పకండి. ఎన్నో ఏళ్ళు ఒకే మడతలో ఉన్న కాగితం అక్కడే విరుగుతుంది. దానికి తేమ కావాలి, తడి కాదు. మూతున్న ప్లాస్టిక్ డబ్బా తీసుకుని అడుగున చిన్న గిన్నెలో తడిపి పిండిన స్పాంజి పెట్టండి. గిన్నె పైన జల్లెడో నైలాన్ వలో అమర్చి దానిమీద నోటు ఉంచి మూత పెట్టండి. నీటిచుక్క నోటు మీద పడకూడదు. అరగంటకోసారి చూస్తూ ఉంటే రెండు నుంచి నాలుగు గంటల్లో కాగితం మెత్తబడుతుంది. అప్పుడు మడతను వేలితో కాక అట్టముక్క అంచుతో నెమ్మదిగా తెరిచి, రెండు తెల్ల బ్లాటింగు కాగితాల మధ్య పెట్టి, పైన రెండు లావు పుస్తకాలు ఒక రాత్రి ఉంచండి. శ్రావణమాసంలో అయితే డబ్బా కూడా అక్కర్లేదు, గదిలో ఓ పూట వదిలేస్తే చాలు. ఏడాది పొడుగునా మనం తిట్టుకునే గాలితేమ పనికొచ్చేది ఇక్కడొక్కచోటే. నోటు మీద పెన్నుతో రాత గానీ రబ్బరుస్టాంపు ముద్ర గానీ ఉంటే ఈ పద్ధతి వద్దు, ఆ సిరా పాకుతుంది.

నోట్లను యుద్ధం కంటే ఎక్కువగా పాడుచేసింది జెరాక్సు షాపు. ‘పాడవకుండా లామినేషన్ చేయిస్తాం’ అని తీసుకెళతారు. లామినేషన్ అంటే వేడికి కరిగిన జిగురు కాగితపు పీచులోకి ఇంకడం. ఇంకాక దాన్ని తీయలేం, తీస్తే అచ్చుపొర దాంతోపాటే లేస్తుంది. సెల్లోటేపు కొన్నేళ్ళలో పసుపు తిరిగి, నూనెలా ఇంకి అవతలివైపు మరక కడుతుంది. ఇస్త్రీపెట్టె కాగితంలో ఉన్న కాస్త తేమనూ పీల్చేసి పెళుసు చేస్తుంది. రబ్బరుతో రుద్దడం, బ్లీచింగు నీళ్ళలో ముంచడం, వెనక ఫెవికాల్ రాసి అట్టకు అంటించడం కూడా ఇదే బాపతు. చిరిగిన నోటు చిరిగినట్టే ఉండనివ్వండి. చిరుగుకు విలువ కొంతే తగ్గుతుంది, టేపుకు ఎక్కువ తగ్గుతుంది.

నోటు ఏం చెబుతోంది

ఈ నోట్ల మీద తేదీ ఉండదు. బర్మా అనే పేరూ ఉండదు. బర్మా నోట్లకు మన నోట్లకున్నట్టు వరస అంకెలు కూడా వేయలేదు. ఆనవాలు ఇచ్చేది రెండు మూడు అక్షరాల చిన్న ముద్ర ఒక్కటే. దాన్ని సేకర్తలు బ్లాకు అక్షరాలంటారు. మొదటి అక్షరం దేశానిది. బి అంటే బర్మా, ఎమ్ అంటే మలయా (నేటి మలేషియా, సింగపూర్), పి అంటే ఫిలిప్పీన్స్, ఎస్ అంటే డచ్చివాళ్ళ ఏలుబడిలో ఉండిన ఇండోనేషియా దీవులు, ఓ అంటే పసిఫిక్ దీవుల కోసం వేసిన షిల్లింగు, పౌండు నోట్లు. తర్వాతి అక్షరాలు ఏ అచ్చుదఫాలో వేశారో చెబుతాయి. కొన్నింటిలో ‘బి.ఎ.’, ‘బి.డి.’ అని పక్కపక్కన ఉంటాయి, కొన్నింటిలో భిన్నంలాగా బి, దానికింద గీత, గీతకింద మరో రెండక్షరాలు. నోటును ఎవరికైనా ఫోనులో వర్ణించేటప్పుడు మొదట చెప్పాల్సింది ఈ అక్షరాలే. రంగు చెబితే ఎవరికీ ఏమీ తెలియదు, ఎందుకంటే పాతబడ్డాక అన్నీ మట్టిరంగే.

రూపాయి అని ఉంది కాబట్టి ‘జపాన్‌వాళ్ళు మన దేశాన్ని గెలుస్తామని ముందే అచ్చేసిన ఇండియా నోటు’ అని కొందరు అమ్ముతుంటారు. నమ్మకండి. బి అక్షరం ఉంటే అది బర్మాదే. బర్మాలో రూపాయి ఎందుకంటే, 1937 ఏప్రిల్ 1న విడదీసేవరకు బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగం, ఆ తర్వాతా అక్కడి నోట్లు వేసింది మన రిజర్వు బ్యాంకే. జపాను సైన్యం ఎక్కడికెళితే అక్కడ జనానికి అలవాటైన లెక్కలోనే నోట్లు వేసింది. మలయాలో డాలర్లు, ఫిలిప్పీన్స్‌లో పెసోలు, ఇండోనేషియాలో గిల్డర్లు, బర్మాలో రూపాయలు.

బర్మా వరసలో 1942 నాటివి 1, 5, 10 సెంట్లు, పావు రూపాయి, అర రూపాయి, 1, 5, 10 రూపాయలు. 100 రూపాయల నోటు 1944ది. సెంట్లు చూసి కంగారుపడనక్కర్లేదు. అప్పటిదాకా రంగూన్ బజారులో మన దగ్గరలాగే రూపాయికి పదహారణాలు. జపానువాళ్ళు దాన్ని వంద సెంట్లు చేశారు. అయినా పావు, అర అని విడిగా వేశారు చూడండి, పావలా, అర్ధ అని లెక్కపెట్టే అలవాటును తీసేయలేకపోయారు. సెంట్ల నోటు దొరికితే బ్లాకు అక్షరం మరింత జాగ్రత్తగా చూడాలి, మలయాకూ సెంట్ల నోట్లున్నాయి, చూపుకు దగ్గరగా ఉంటాయి.

రూపాయి నోట్ల మీది గుడి బగాన్‌లోని ఆనంద ఆలయం. అడుగున అక్షరాల వరస ‘దాయ్ నిప్పన్ తేకోకు సేఫు’, అంటే మహా జపాన్ సామ్రాజ్య ప్రభుత్వం. డిమాండు మీద చెల్లిస్తామన్న హామీ కూడా కొన్నింటి మీద ఇంగ్లీషులో ఉంటుంది. ఆ హామీ వెనక బంగారమూ లేదు, వెండీ లేదు. సైన్యానికి బియ్యం, పశువులు, కూలీ కావాలి, అచ్చుయంత్రం తిప్పారు. యుద్ధం ముదిరేకొద్దీ ఇంకా తిప్పారు, ధరలు ఆకాశానికెక్కాయి. 1945 మేలో రంగూన్‌ను తిరిగి పట్టుకున్న బ్రిటిష్‌వాళ్ళు ఈ నోట్లు చెల్లవని తేల్చేశారు. మారకం లేదు, పరిహారం లేదు. అందుకే ఇన్ని మిగిలాయి. చెల్లే నోటైతే ఖర్చయిపోయేది.

అదే పెట్టెలో ఇంకేముండొచ్చు

చాలామంది గుడి బొమ్మ నోటు చూసి మురిసిపోయి, పక్కనున్న జార్జి రాజు నోటును మామూలు పాతనోటనుకుని వదిలేస్తారు. దాన్ని తిరగేసి మరీ చూడండి. ‘లీగల్ టెండర్ ఇన్ బర్మా ఓన్లీ’ అని అదనపు ముద్ర ఉంటే అది బర్మా కోసం వేరుచేసిన నోటు. ఒట్టి ఆ మాటే ఉంటే 1937 నాటి సంగతి. దానికి ‘మిలిటరీ అడ్మినిస్ట్రేషన్ ఆఫ్ బర్మా’ అని కలిస్తే 1945లో తిరిగొచ్చిన బ్రిటిష్ సైనిక పాలన వేసింది. ‘బర్మా కరెన్సీ బోర్డు’ అని ఉంటే 1947. ఆక్రమణ డబ్బు అంటే జపానుదే అనుకుంటాం గానీ, సైనిక పాలన ముద్రతో చెల్లిన ఈ నోటు కూడా ఆ కోవలోదే, పైగా మామూలు జపాన్ నోటు కంటే దీనికే గిరాకీ ఎక్కువ.

100 చాట్ల (చాట్ అంటే బర్మా సొంత డబ్బు) నోటు మీద మనిషి బొమ్మ ఉంటే ఆయన బా మా. 1943 ఆగస్టు 1న జపాను బర్మాకు పేరుకు స్వాతంత్ర్యం ప్రకటించినప్పుడు ప్రభుత్వాధినేతగా కూర్చున్నవాడు. అది బర్మా సొంత స్టేట్ బ్యాంకు పేరుతో వచ్చిన నోటు. అరటిచెట్టు, అరటిగెల బొమ్మతో 10 డాలర్ల నోటు దొరికితే అది మలయాది, ‘బనానా నోటు’ అని ప్రసిద్ధి. మలయా రబ్బరు తోటలకూ తెలుగువాళ్ళు వెళ్ళారు కాబట్టి ఆ నోటు కోనసీమ ఇంట్లో కనబడితే వింతేమీ కాదు.

ఆజాద్ హింద్ బ్యాంకు పేరుతో ఏదైనా ఉంటే మాత్రం నెమ్మదించండి. ఆ బ్యాంకును నేతాజీ ప్రవాస ప్రభుత్వం 1944 ఏప్రిల్‌లో రంగూన్‌లో పెట్టింది నిజం. దాని పేరు, నేతాజీ బొమ్మ వేసి తర్వాత తయారుచేసిన కాగితాలు బజారులో బోలెడున్నదీ నిజం. అనుభవమున్నవాళ్ళకు నోటునే చూపించకుండా మాట కూడా ఇవ్వొద్దు, పైసా కూడా ఇవ్వొద్దు.

అసలా, నకలా

పది రెట్ల భూతద్దం, 365 నానోమీటర్ల అల్ట్రావయొలెట్ టార్చి, కిటికీ వెలుగు. ఇవి చాలు.

భూతద్దంతో సన్నగీతలున్న చోటు చూడండి, గుడి గోపురం అంచు గానీ చుట్టూ ఉన్న అల్లిక గానీ. అసలు నోటులో గీత గీతలాగే సాగుతుంది. కంప్యూటరు ప్రింటులో గీత విరిగి ఎరుపు, నీలం, పసుపు చుక్కలవుతుంది. చుక్కలు కనిపిస్తే ఇక మిగతా పరీక్షలు అక్కర్లేదు.

చీకటి గదిలో టార్చి వేయండి. తెల్లదనం కోసం కాగితంలో, డిటర్జెంటులో కలిపే రసాయనాలు ఈ వెలుగుకు నీలిరంగులో మెరుస్తాయి. యుద్ధకాలపు కాగితంలో అవి లేవు, కాబట్టి అసలు నోటు మసకగా, చప్పగా కనిపించాలి. నోటంతా పెళ్ళిపందిరి ట్యూబులైటులా మెరిస్తే కొత్త కాగితం. ఇక్కడ ఒక చిక్కుంది. ఎవరో ఎప్పుడో చొక్కా జేబులో నోటుతో సహా సర్ఫులో నానబెట్టి ఉంటే అసలు నోటూ మెరుస్తుంది. అలాంటప్పుడు మెరుపు మచ్చలు మచ్చలుగా, మడతల దగ్గర ఎక్కువగా ఉంటుంది. భూతద్దం మాటే నమ్మాలి.

కిటికీకెదురుగా పట్టి చూస్తే కొన్ని నోట్లలో కిరి పువ్వు (జపాను ప్రభుత్వ చిహ్నం) నీటిగుర్తు కనబడుతుంది, కొన్నింటిలో ఏమీ ఉండదు. కాగితం దఫాదఫాకూ మారింది, యుద్ధం ముదిరాక నాసిరకమైంది. నీటిగుర్తు లేనంత మాత్రాన నకిలీ అనకండి. అలాగే నోటు ఫెళఫెళలాడుతోందని కూడా అనుమానించకండి. పంచకుండా మిగిలిన కట్టలకు కట్టలు యుద్ధం తర్వాత సైనికుల సంచుల్లో దేశదేశాలకూ వెళ్ళాయి. మామూలు జపాన్ బర్మా నోటు చవక కాబట్టి దానికి నకిలీ చేసే శ్రమ ఎవరూ ఎక్కువగా పడరు. మోసం జరిగేది పైన వేసే ముద్రల్లో. రెండు వందలు పలికే నోటు మీద ముద్ర కొట్టి అయిదు వేలు అడుగుతారు.

కాబట్టి సైనిక పాలన ముద్రనీ, ‘స్పెసిమెన్’ (నమూనా) అన్న ఎర్రముద్రనీ ఇలా పరీక్షించాలి. ముద్ర అక్షరం ఒక మడతను దాటే చోటు వెతకండి. నోటు కొత్తగా ఉన్నప్పుడే ముద్ర పడి, తర్వాత మడిచి ఉంటే మడత దగ్గర సిరా నోటి అచ్చుతోపాటే అరిగి, పగిలి, కింద తెల్లపీచు కనబడుతుంది. మడతపడ్డ పాతనోటు మీద నిన్నో మొన్నో ముద్ర వేసి ఉంటే సిరా ఆ పగులులోకి దిగి, విరిగిన పీచుకు అంటుకుని ఉంటుంది. మురికి కూడా చూడండి. మురికి ముద్రమీద ఉండాలి, ముద్ర మురికిమీద ఉండకూడదు. మడతే లేని నోటైతే ఈ పరీక్ష పనిచేయదు, అప్పుడు తెలిసిన అసలు ముద్ర పక్కన పెట్టి అక్షరాల ఆకారం, ఎడం పోల్చాల్సిందే.

ఇంటి కథ, నోటి కథ

‘తాతగారు నలభై రెండులో కాలినడకన వస్తూ మొలలో కట్టుకుని తెచ్చారు’ అని చెబుతారు. తాతగారు నడిచొచ్చింది నిజమే కావచ్చు. నోటు ఆయన వెంట వచ్చిందా అన్నది వేరే ప్రశ్న, దానికి తేదీలే జవాబు.

రంగూన్ మీద మొదటి బాంబులు పడ్డది 1941 డిసెంబరు 23న. నగరం జపాను చేతికి చిక్కింది 1942 మార్చి 8న. ఓడ దొరికినవాళ్ళు ఆలోపే కాకినాడకో విశాఖకో మద్రాసుకో చేరారు. దొరకనివాళ్ళు తౌంగుప్ కనుమ దాటి అక్యాబు మీదుగా చిట్టగాంగ్‌కు, లేదా తము అనే సరిహద్దు ఊరి మీదుగా ఇంఫాల్, దిమాపూర్‌కు నడిచారు. ఏప్రిల్ 6న జపాను విమానాలు కాకినాడ, విశాఖల మీదే బాంబులు వేశాయి. అంటే బయల్దేరినవాళ్ళంతా జపాను పాలనకు ముందు నడుస్తూ వచ్చారు తప్ప దాని కింద బతకలేదు. వాళ్ళ మొలలో ఉండాల్సింది జార్జి రాజు నోటు, ‘బర్మా ఓన్లీ’ నోటు. గుడి బొమ్మ రూపాయి ఒకటీ అరా చేతికొచ్చి ఉండొచ్చు, కానీ కట్ట ఉందంటే అనుమానించాలి. 100 రూపాయల నోటైతే చర్చే లేదు, 1944కు ముందు అది పుట్టనేలేదు.

మరి పెట్టెలోకి ఎలా వచ్చింది? నాలుగు దారులున్నాయి. వెళ్ళకుండా రంగూన్‌లోనే ఉండిపోయి 1945, 46ల్లో తిరిగొచ్చిన బంధువు ఒకటి. బర్మా యుద్ధరంగానికి వెళ్ళిన మన ఊరి సిపాయి రెండోది. సైనికులు ఈ నోట్లను గుర్తుగా ఏరుకున్నారు, వాటిమీద తోటివాళ్ళ సంతకాలు పెట్టించుకున్నారు. బర్మా సైనిక పాలకుడు నే విన్ ప్రభుత్వం దుకాణాలు, వ్యాపారాలు జాతీయం చేశాక 1964 నుంచి కాందిశీకులుగా వచ్చిన కుటుంబాలు మూడోది. తర్వాతెప్పుడో సంతలోనో నాణేల ఎగ్జిబిషన్‌లోనో కొన్నది నాలుగోది. ఇంట్లో పెద్దవాళ్ళను ‘ఈ నోటు ఎక్కడిది?’ అని అడిగితే వచ్చే జవాబు ఎప్పుడూ తాతగారి నడకే. అలా కాకుండా, ‘అమ్మమ్మా, మనవాళ్ళలో యుద్ధమయ్యాక వచ్చినవాళ్ళెవరు? మిలిటరీకి వెళ్ళిందెవరు? కాందిశీకుల కార్డు ఎవరికుండేది?’ అని విడివిడిగా అడగండి. పేర్లు అవే వస్తాయి.

వచ్చిన సంగతులు ఒక మంచి కాగితం మీద పెన్సిలుతో రాసి నోటు పక్కన పెట్టండి. ఎవరి పెట్టె, ఏ ఊరు, ఎవరు చెప్పారు, ఏ రోజు చెప్పారు, బ్లాకు అక్షరాలు, ఎంత విలువ, మిల్లీమీటర్లలో పొడుగు వెడల్పు. నోటు మీద మాత్రం పెన్సిలు కూడా తగలనివ్వద్దు. రెండువైపులా 600 డీపీఐలో స్కాన్ చేయండి. వెనక నల్లకాగితం పెడితే చిరుగులు, పిన్ను రంధ్రాలు స్పష్టంగా కనిపిస్తాయి.

ధర గురించి

ఏ బ్యాంకూ మార్చదు, మన రిజర్వు బ్యాంకూ కాదు, జపాను ప్రభుత్వమూ కాదు. ఫిలిప్పీన్స్‌లో ఇలాంటి నోట్లకు డబ్బు రాబడతామని ఒక సంఘమే పెట్టి, నోట్లమీద దాని ముద్రలు కొట్టి దావాలు నడిపారు, ఏమీ రాలేదు. సేకర్తల ధర ఒక్కటే ధర. 1, 5, 10 రూపాయల మామూలు నోట్లు ప్రపంచమంతా దండిగా ఉన్నాయి. మడతలతో నలిగినదానికి కాఫీ టిఫిను ఖర్చు వస్తే గొప్ప. మడతలేని నోటు, స్పెసిమెన్, సైనికపాలన ముద్ర, చదవగలిగే సంతకాలతో ఊరూ తేదీ ఉన్న నోటు వేరు, వాటిని తొందరపడి అమ్మకండి.

‘లక్షలిస్తాం, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి’ అనే ఫోన్లు ఈ వ్యవహారంలో మామూలు. రిజర్వు బ్యాంకు పేరు, గుర్తు వాడుకుని పాత నోట్లు, నాణేల అమ్మకంలో కమీషను, పన్ను అంటూ వసూలుచేస్తున్నారని, అలాంటివాటితో తమకు సంబంధం లేదని ఆ బ్యాంకే 2021 ఆగస్టులో ప్రకటించింది. కొనేవాడు డబ్బిస్తాడు, అడగడు. ఇంతకు మించి దీని గురించి ఆలోచించనక్కర్లేదు.

డెల్టాలో దాచడం

కాగితానికి గాలిలో తేమ 35 నుంచి 50 శాతం మధ్య ఉంటే హాయి. 65 దాటితే బూజు పడుతుంది. గోదావరి మీద వానాకాలమంతా అంతకంటే పైనే. కాబట్టి గదిని బాగుచేసే ఆశ వదిలేసి డబ్బాను బాగుచేయాలి.

ముందు నోటుకో తొడుగు. మైలార్ అనే పాలియెస్టరు తొడుగు, లేదా పాలీప్రొపిలీన్‌ది. మెత్తగా, కొత్త రెయిన్‌కోటు వాసనతో ఉండే పీవీసీ తొడుగులు వద్దు, వాటిలోని మెత్తదనమిచ్చే నూనె బయటికొచ్చి నోటుకు అతుక్కుంటుంది. ఏదో తెలియకపోతే విడి తొడుగులోంచి చిన్నముక్క కోయండి. రాగితీగ కొసను మంటలో ఎర్రగా కాల్చి, ముక్కకు తాకించి, మళ్ళీ మంటలో పెట్టండి. మంట ఆకుపచ్చగా వెలిగితే పీవీసీ. ఈ పని పెరట్లో చేయండి, ఆ పొగ మంచిది కాదు. తొడుగుకు ఒకటో రెండో అంచులు తెరిచి ఉండాలి.

తొడుగుల్లోని నోట్లను రబ్బరు వాషరున్న అయిదు లీటర్ల ప్లాస్టిక్ డబ్బాలో నిలబెట్టి, 50 గ్రాముల సిలికాజెల్‌ను గుడ్డసంచిలో కట్టి ఒక మూల పెట్టండి. చిన్న డిజిటల్ తేమమీటరు కూడా లోపలే ఉంచండి. 30 కంటే కిందికి దిగితే సగం జెల్ తీసేయండి, మరీ ఎండితే కాగితం అప్పడమవుతుంది. నారింజ రంగు జెల్ ఆకుపచ్చకు మారితే తేమ నిండిందని గుర్తు. ఓవెన్‌లో 110, 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు పెడితే మళ్ళీ నారింజకు వస్తుంది. నీలం నుంచి గులాబీకి మారే రకంలో కోబాల్ట్ ఉంటుంది, దాన్ని వంట మూకుట్లో వేయించకండి. వేడి జెల్‌ను నేరుగా డబ్బాలో పెట్టకుండా మూతసీసాలో చల్లారనివ్వండి. జూన్ నుంచి నవంబరు దాకా నెలకోసారి, మిగతా కాలంలో మూడు నెలలకోసారి చూస్తే సరిపోతుంది.

కలరా ఉండలు, కర్పూరం డబ్బాలో వేయొద్దు, ఆవిరి ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుంది, వాసన కాగితాన్ని వదలదు. వేపాకు బట్టలకు సరే, నోటుకు మరక. రామబాణం పురుగు తినేది కాగితానికి పట్టించిన గంజిని. బిగుతు మూత, పొడి గాలి ఉంటే అది రాదు. డబ్బాను బీరువా అడుగు అరలో గానీ వానకొట్టే బయటిగోడ వైపు గానీ పెట్టకండి. అడుగు అరకు చెదలూ వరదనీళ్ళూ ముందొస్తాయి.

వరదలో తడిస్తే

లంక గ్రామాల్లో ఇది ‘ఒకవేళ’ కాదు. నీళ్ళు తీశాక నోట్ల కట్ట అట్టకట్టి కనిపిస్తే ఒక్కో నోటూ లాగకండి, తడికాగితం తనబరువుకే చిరుగుతుంది. బురద ఉంటే ప్లాస్టిక్ షీటు మీద పెట్టి పళ్ళెంలో శుభ్రమైన చల్లటినీళ్ళలో ఒకసారి ముంచి తీయండి, వేలితో రుద్దొద్దు, పెన్ను రాతలున్నవాటిని అసలు ముంచొద్దు. ఆ రోజే ఆరబెట్టే వీలు లేకపోతే జిప్‌లాక్ కవర్లో వేసి ఫ్రీజరులో పెట్టండి. గడ్డకట్టిన కాగితానికి బూజు పట్టదు, తీరిక దొరికాక తీసుకోవచ్చు. మామూలు వేడిలో రెండురోజులు తడిగా వదిలేస్తే మాత్రం బూజు ఖాయం.

వీలున్నప్పుడు కట్టను బ్లాటింగు కాగితం మీద పెట్టి పైనొకటి కప్పి అరచేత్తో మెల్లగా అదమండి. కాగితం తడి పీల్చగానే మార్చండి. పై నోటు అంచు దానంతటదే లేచే దాకా ఆగి, దానికింద మైలార్ ముక్క జొనిపి వేరుచేయండి. వేరైనవాటిని నీడలో, ఫ్యాను గాలి నేరుగా తగలకుండా, వల మీద పరవండి. కాస్త చెమ్మ మిగిలి ఉండగానే కొత్త బ్లాటింగు కాగితాల మధ్య పుస్తకాల బరువు కింద పెట్టి, మొదటిరోజు రెండు గంటలకోసారి, తర్వాత పూటకోసారి కాగితాలు మార్చండి. మూడు నాలుగు రోజులు పడుతుంది.

బూజు పట్టేసి ఉంటే తడిమీద తుడవకండి, అది కాగితంలోకి పూసుకుపోతుంది. పూర్తిగా ఎండి పొడిలా అయ్యాక, ఆరుబయట, ఎన్95 మాస్కు పెట్టుకుని, మెత్తటి పెయింటు బ్రష్షుతో ఒకేవైపుకు దులపండి. ఆ బ్రష్షును మళ్ళీ వేరే నోటుకు వాడకండి.